కొండ మీదికి మందులు

మా అన్నయ్య తుపాకీ గుండు తగిలి పోలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి పోయాడు. మంచు కొండల మీద కాపలా పోస్టులో ఉండగా ఒంట్లో బాగాలేక పడుకున్నాడు. కింద క్యాంపులో మందులున్నాయి, ఆక్సిజన్ ఉంది, డాక్టరూ ఉన్నాడు. విడవకుండా మంచు కురుస్తుంటే హెలికాప్టరు పైకి వెళ్ళలేకపోయింది. వాతావరణం తెరిపి ఇచ్చేసరికి మందులతో పని లేకుండా పోయింది. ఈ సంగతంతా అన్నయ్యతో పాటు ఆ పోస్టులో ఉన్న జవాను ఒకతను తర్వాతెప్పుడో మా ఇంటికి వచ్చి, వదిన ఎదురుగా కూర్చుని, తల ఎత్తకుండా చెప్పి వెళ్ళాడు.

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో మాత్రం వీరమరణం అని ఫ్లెక్సీ కట్టారు. అందులో నాయకుల మొహాలు ఒక్కొక్కటీ గుమ్మడికాయంత ఉన్నాయి, అన్నయ్య మొహం ఒక మూల నిమ్మకాయంత ఉంది. నాకు ఒళ్ళు మండి చింపెయ్యబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. పోనీలే అమ్మాయ్, ఆయనకి ఆర్భాటాలు పడేవి కాదుగా అంది. నాకు అప్పటికీ ఇప్పటికీ ఆ ఓపిక రాలేదు.

నేను గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుని. రైతులు ధర కోసం దాచుకునే మిర్చి బస్తాల్ని లోపల పేర్పించడం, అడిగినప్పుడు బయటికి తీయించడం నా పని. మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివి, మా కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డులో నలుగురు స్నేహితులతో కలిసి మిరప చేలకు మందు కొట్టే డ్రోన్లు తయారు చేసేవాడు. అన్నయ్య పోయి ఏడాది తిరక్కుండానే వాడు పురుగుమందు మోసే ట్యాంకు ఊడదీసి దాని చోట ఒక పెట్టె బిగించాడు. మంచు పడుతున్నా, మనిషి ఎక్కకుండా, కొండ మీది పోస్టుకి మందులు మోసుకుపోయే డ్రోను చేస్తానన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు అని నేను వెక్కిరించాను. వదిన మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి వాళ్ళ షెడ్డుకి మధ్యాహ్నం క్యారేజీ తనే పంపడం మొదలుపెట్టింది.

ఇలాంటివాటికి బ్యాంకులు అప్పివ్వవు. కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టే వెంచర్ క్యాపిటల్ వాళ్ళని పట్టుకోవాలన్నాడు తమ్ముడు. అలా బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చాడు. దేశ రక్షణకి పనికొచ్చే కంపెనీల్లోనే పెడతాడట. ఆయనకి తెలుగు రాదు. మా గేటు దాటి లోపలికి వచ్చీ రాగానే మిర్చి ఘాటు నషాళానికంటి, తుమ్మలేక దగ్గలేక కళ్ళవెంట ధారగా నీళ్ళు కారుస్తూ నిలబడ్డాడు. బస్తాలు మోసే మా ముఠా కూలీలు చూసి, పాపం ఇంట్లో ఎవరో పోయారు కాబోలు అని దారి ఇచ్చారు. మంచినీళ్ళు తాగి తేరుకున్నాక మాత్రం బాగానే మాట్లాడాడు. దెబ్బ తిన్నా దేశం తన కాళ్ళ మీద తాను లేచి నిలబడాలని, దానికి కావలసినవి మన ఊళ్ళలోనే, మన పిల్లలే చెయ్యాలని అన్నాడు. తమ్ముడు తెలుగులో చెబుతుంటే నాకూ కాస్త గర్వంగానే అనిపించింది.

అన్నయ్య కథ విన్నాక ఆయనకి అన్నయ్య ఫొటో కావాల్సి వచ్చింది. మిగతా పెట్టుబడిదారులకి చూపించే సమావేశాల్లో మొదట అదే పెడతానన్నాడు. నాకది నచ్చలేదు, నచ్చలేదని మొహాన్నే చెప్పాను. అది తేల్చాల్సింది వదిన. గోడకున్న ఫొటో దించి, కొంగుతో తుడిచి, తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఆ కొండ మీదికి మందులు చేరేటట్టు చెయ్యి అబ్బాయ్. ఈ ఫొటో ఎవరికి చూపించుకుంటావో చూపించుకో" అంది.

తమ్ముడు మాట ఇచ్చాడు. వదిన అన్నయ్య గురించి ఎవర్నైనా ఏదైనా అడగడం నేను చూసింది అప్పుడే.

డబ్బు వచ్చింది. షెడ్డులో ఏసీ వచ్చింది, కుర్రాళ్ళు పెరిగారు. తీరా చూస్తే చలి లేదు. మంచుకొండల మీద ఎగరాల్సిన దాన్ని పరీక్షించడానికి గుంటూరులో చలి ఎక్కణ్ణుంచి తేవడం? మాకు తెలిసిన చలి ఒక్కటే, మిర్చి కోల్డ్ స్టోరేజీ. కొత్త పంట ఇంకా రాని రోజులు, ఒక గది ఖాళీగా ఉంది. మా ఓనరు గారు మంచి మనిషి, మిషను ఎంతవరకు లాగితే అంతవరకు చల్లబరచుకోమన్నారు. తమ్ముడు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ఆ గదిలో డ్రోను ఎగరేశాడు. ఇనప దూలాల మధ్య అది తుమ్మెదలా గుయ్యిమంటూ తిరిగింది. బ్యాటరీలు నిలబడ్డాయి, మోటార్లు నిలబడ్డాయి. పెట్టెలో మందుబిళ్ళల డబ్బాలు వదిన తనే సర్దింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ దూలాల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న మిరప ధూళి ఉంటుంది. డ్రోను రెక్కల గాలికి అదంతా లేచింది. మరో ఊరివాళ్ళయితే ఆ గదిలో నిలబడలేక బయటికి పరిగెత్తి ఉండేవాళ్ళు, ఇదేమిటని ఆలోచించి ఉండేవాళ్ళు. మేము పుట్టింది ఆ ఘాటులో, తిరిగేది ఆ ఘాటులో. మాలో ఒక్కరికీ ముక్కు కూడా దురద పెట్టలేదు. డ్రోనుని పొడిగుడ్డతో పైపైన తుడిచి, చెక్కపెట్టెలో పెట్టి, తమ్ముణ్ణి తోడిచ్చి సైన్యం పెట్టే పరీక్షకి కొండలకి పంపించాం.

అక్కడ సైన్యం వాళ్ళ ఎదుట చెక్కపెట్టె మూత తీయగానే అందరూ వరసగా తుమ్మారట. తమ్ముడు ఫోనులో ఆ మాట చెప్పి నవ్వాడు, నేనూ నవ్వాను. మర్నాడు ఫోను చేసినప్పుడు వాడి గొంతు గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. గాలి ఒత్తిడిని బట్టి ఎంత ఎత్తులో ఉన్నామో లెక్కగట్టే పరికరానికి ఒక సన్నని రంధ్రం ఉంటుంది. మిరప ధూళి అందులో చేరి, పైన తేమకి ముద్దయి, గడ్డకట్టింది. డ్రోను తాను చాలా ఎత్తున ఉన్నాననుకుని కిందికి దిగుతూ పోయి బండని కొట్టుకుంది. మందుబిళ్ళలు మంచు మీద చెల్లాచెదురయ్యాయి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే.

ఇంతా చేస్తే, దాన్ని బాగు చెయ్యడం ఏమంత కష్టం కాలేదు. ఆ రంధ్రానికి ఒక చిన్న వడపోత మూత పెడితే సరిపోయింది. తమ్ముడు వెంటనే పెట్టాడు, మళ్ళీ పరీక్షకి పిలవమని సైన్యానికి రాశాడు. ఈలోగా బెంగుళూరాయన మనసు మారింది. మందులు మోసేవి ఏడాదికి ఎన్ని కొంటారు, ఎవరు కొంటారు అన్నాడు. బాంబు కట్టుకుని వెళ్ళి శత్రువు మీద పడి పేలే డ్రోన్లకి ఇప్పుడు అన్ని దేశాల్లోనూ గిరాకీ ఉందని, రెండో విడత డబ్బు వాటికైతేనే పెడతానని చెప్పాడు. తమ్ముడు వాదించాడు, బెంగుళూరు వెళ్ళి మళ్ళీ వాదించాడు. డబ్బు రాకపోతే షెడ్డులో ఉన్న కుర్రాళ్ళందరినీ ఇంటికి పంపాలి. చివరికి సరే అని వచ్చి, మా వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాడు. నేను తిట్టాలనే లేచాను. వాడి వెక్కిళ్ళు చూసి తిట్టలేకపోయాను. దేశానికి ఆయుధాలు అక్కర్లేదని నేననను. కాపలా కాసేవాడి ఇంట్లో మనిషిని, అవెంత అవసరమో నాకు తెలుసు. నా బాధల్లా ఆ మంచులో ఇవాళ్టికీ ఎవరో ఒకరు పడుకుని ఉంటారన్నదే.

ఆ పేలే డ్రోన్లు చక్కగా పని చేశాయట. కంపెనీ పెరిగింది. సత్తెనపల్లి రోడ్డులో పత్తి జిన్నింగ్ మిల్లు ఒకటి మూతపడితే దాన్ని తీసుకుని ఫ్యాక్టరీ చేశారు. రిబ్బను వదిన చేత కత్తిరించాలని బెంగుళూరాయన పట్టుబట్టాడు. వెళ్ళొద్దని నేను చెప్పాను. అబ్బాయి చిన్నబోతాడని వదిన నేత చీర కట్టుకుని బయల్దేరింది.

అక్కడ బల్ల మీద కొత్త డ్రోను పెట్టారు. వదిన దాని చుట్టూ తిరిగి చూసింది. పెట్టె ఎక్కడుందని తమ్ముణ్ణి అడిగింది. దీనికి పెట్టె ఉండదని వాడు చెప్పాడు. అంతకుముందు వాడు ఎందుకు చెప్పలేదో, నేనెందుకు చెప్పలేదో మా ఇద్దరికీ తెలుసు. తన మొహం చూస్తూ చెప్పే ధైర్యం మాకు లేదు. కత్తెర చేతిలో ఉండగానే వదిన బెంగుళూరాయన వైపు తిరిగింది.

"అయ్యా, మందులు మోసేది ఎప్పుడు చేస్తారు?"

తమ్ముడు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, చెయ్యి గుండె మీద పెట్టుకుని ఏదో అన్నాడు. తర్వాత తప్పకుండా చేద్దామంటున్నారు వదినా అన్నాడు తమ్ముడు.

"మీ అన్నయ్యకీ అట్లానే చెప్పారంట అబ్బాయ్. కాస్త ఓర్చుకో, హెలికాప్టరు తర్వాత వస్తుందని."

గొంతు పెంచకుండానే అంది. ఆవిడ ఏమంటోందని బెంగుళూరాయన అడిగాడు. తమ్ముడు వదిన వైపు చూడకుండా, మిమ్మల్ని దీవిస్తోందని చెప్పాడు. ఆయన వంగి వదిన కాళ్ళకి దణ్ణం పెట్టాడు.