గాజు తొట్టిలో నీలం

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే గంగాధరరావు ఏటా ఓసారి క్లాసులో గాజు తొట్టి పెట్టిస్తాడు. అడుగున నీలం కలిపిన ఉప్పునీళ్లు. వాటితో కలిసిపోకుండా, పైన స్పాంజి మీదుగా మంచినీళ్లు సన్నధారగా పోసేది అటెండరు లింగస్వామి. సారు తొట్టిని కాస్త వంచి వదులుతాడు. పైన నీళ్లు నిలకడగానే ఉంటాయి, లోపల నీలం అలలుగా లేస్తుంది. "సరూర్‌నగర్ చెరువూ ఇంతే" అంటాడు, కళ్లజోడు తుడుచుకుంటూ. తెలంగాణ ఉద్యమం ముదిరిన ఆ ఏడు, పదకొండేళ్లుగా చెదరని ధార వణికింది. నీలం పైదాకా కలిసిపోయింది.

"ఏంటయ్యా, చెయ్యి వణుకుతోంది?"

"బిడ్డను ఊరేగింపుల పోలీసోళ్లు పట్టుకపోయిండ్రు సార్. మూడొద్దులాయె."

గంగాధరరావు నిర్ఘాంతపోయాడు. ఈ మూడు రోజులూ లింగస్వామి నవ్వుతూనే టీ అందించాడు.

"మరి నాకు చెప్పలేదేం?"

లింగస్వామి స్పాంజి పిండాడు. "మీరు ఆంధ్రోళ్లు గద సార్."