మదార్ తిట్లు

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన పంక్చర్లు వేసే మదార్ తిట్లను నంద్యాల సాజిద్ ఎత్తుకుపోయాడు. వారం వారం టీవీలో రాజకీయ సీరియల్ చూసి, మరునాడు అందులోని మంత్రిని మదార్ తిడుతుంటే కొట్టు ముందు జనం పడిపడి నవ్వేవాళ్లు. సాజిద్ అవే తిట్లు వీడియోలో తిట్టి ఊరూరా పేరు తెచ్చుకున్నాడు. అప్పటినుంచి మదార్ నోరు కుట్టుకున్నాడు. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతూ, ఎవరి ఫోన్లో సాజిద్ గొంతు వినిపించినా పంపు దబదబా కొడతాడు. మొన్న సీరియల్లో మదార్‌కు ఇష్టమైన ముసలి ఎమ్మెల్యే చచ్చిపోయాడు. మరునాడు పొద్దున్నే సాజిద్ కొట్టు ముందు బండి దిగి, "ఏం మామూ, కండ్లు వాచినాయే! ఏడ్చినావా? ఏమనిపిచ్చింది, చెప్పు" అన్నాడు.

మదార్ తలెత్తలేదు. "తిట్లన్నీ ఎత్తుకపోతివి గదప్పా. ఏడుపన్నా నాకుండనీ."