కోత పండుగకు పోయిన లాప్‌టాప్

కోడుమూరులో పెళ్ళి పత్రిక కొట్టించుకోవాలంటే మహిమ ఇంటికి పోవాలి. పోయినవాళ్ళు మాత్రం చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చేవారు. తప్పు మహిమది కాదు, ఆ ముదనష్టపు లాప్‌టాప్‌ది. కర్నూలులో ఆమె పనిచేసిన ప్రెస్సు మూతబడితే, ఓనరు వదిలించుకున్న సరుకది. మొగుడు చచ్చిపోయి, తండ్రి ఏసేపు పంచన చేరిన మనిషికి అదే కూడు. స్విచ్ నొక్కి, పొయ్యి మీద ఎసరు పెట్టి, సంగటి కెలికి దించినా ఇంకా తెరుచుకునేది కాదు. పెళ్ళివారు కూర్చుని కూర్చుని, "మళ్ళొస్తాంలే అక్కా" అంటూ లేచి కర్నూలు బస్సెక్కేవారు. మళ్ళీ వస్తే ఒట్టు.

కొత్తది కొనే తాహతు లేదు. చివరికి దాన్ని పాత చీరముక్కలో చుట్టుకుని కర్నూలులో కిరణ్‌కుమార్ రిపేరు షాపుకు తీసుకుపోయింది. తరతరాలుగా అంగళ్ళు నడిపిన ఇంటివాడు గదా, కొత్తది అంటగడతాడేమోనని భయం. అతను కింది మూత విప్పి, లోపలి దుమ్ము ఊది, నవ్వాడు.

"బంగారంలాంటి మిషను అక్కా ఇది. లోపల గిరగిరా తిరిగే డిస్కు ముసలిదైపోయింది, అంతే. అది పీకేసి ఎస్సెస్‌డీ వేస్తా, దాంట్లో తిరిగేదేమీ ఉండదు. ర్యామ్‌కి ఇంకో గాడి ఖాళీగా ఉండాది. పాడైన లాప్‌టాప్‌లోంచి తీసిన ముక్క ఒకటుంది, పెడతా. కొత్తదాని జోలికే పోవద్దు."

మహిమ తను పెంచిన మేకపోతును అమ్మి ఆ రెండూ వేయించింది. కిరణ్‌కుమార్ స్విచ్ నొక్కమంటే నొక్కింది. స్టూలు లాక్కుని కూర్చునేలోపే తెరుచుకుంది. ముందే ఆన్ చేసి పెట్టాడేమోనని అనుమానపడి, ఆర్పేసి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే! ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏందక్కా, బాగైతే యాడన్నా ఏడుస్తారా?" అన్నాడతను.

ఆ తర్వాత మహిమ చేయి ఖాళీగా ఉంటే ఒట్టు. పెళ్ళి పత్రికలు, కర్మాంతరం కార్డులు, పంచాయతీ అర్జీలు. చుట్టుపక్కల పల్లెల్లోనూ పేరు పాకింది. ఇంట్లోకి బియ్యం ఆమె సంపాదనతోనే వచ్చేవి. ఏసేపు చేలో మాత్రం వాన మొహం చాటేసింది, వేరుశనగ ఊడలు దిగకుండానే మాడిపోయింది.

అక్కడే వచ్చింది తంటా. ఏసేపు ఊరి చర్చిలో సంఘ పెద్ద. పంటలో కొంత దేవునికిచ్చే కోత పండుగ నాడు అందరికంటే ముందు ఆయన గంపెడు శనక్కాయలు మోసుకెళ్ళి బలిపీఠం ముందు దించడం ఆనవాయితీ. ఆరాధన అయ్యాక ఆ కానుకలన్నీ వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు చాలామంది దుడ్లు కట్టి, వస్తువును తిరిగి చర్చికే ఇచ్చేస్తారు. ఒక్క గుమ్మడికాయ మూడుసార్లు పాటకొస్తుంది, చివరిసారి పాడుకున్నవాళ్ళు దాన్ని తెచ్చినవాళ్ళ చేతికే ఇచ్చేస్తారు. అందరికీ అదో సరదా.

ఆ ఆదివారం మహిమ ఆడవాళ్ళలో కూర్చుని పాడుతోంది. తలెత్తి చూస్తే, తండ్రి తెల్ల తువ్వాలులో ఏదో చుట్టుకుని ముందుకు పోతున్నాడు. తువ్వాలు విప్పి సొరకాయల పక్కన పెట్టాడు. ఆమె లాప్‌టాప్!

"ఈ యేడు మా చేన్లో గింజ లేదు అయ్యగారూ. మా ఇంట్లో పండింది ఇదే," అన్నాడు పాస్టరుతో. జనం చప్పట్లు కొట్టారు.

వేలం మొదలవకముందే తండ్రిని పక్కకు లాగింది. "అడగకుండా ఏం పని చేసినావు నాయనా?"

"అరవొద్దు మే. ఎవరు పాడుకున్నా మనకే తిరిగిస్తారు, తెలీదా నీకు? ఆడ ఉత్త చేతుల్తో నిలబడమంటావా నన్ను?"

నిజమే కదా అనుకుంది పిచ్చిది. వేలం వేసే అయ్యన్న లాప్‌టాప్‌ను పైకెత్తి, "పనిచేస్తాదా ఇది? చూపించు మహిమా," అన్నాడు. ఆమె ముందుకు పోయి స్విచ్ నొక్కింది. అయ్యన్న చేతిలో ఉండగానే తెర వెలిగింది. "అబ్బా, ఎంత స్పీడు!" అన్నారు జనం. ఆ ఒక్క క్షణం ఆమెకు గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వాన్ని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో.

కాంట్రాక్టర్ వసంతకుమార్ పాట పెంచుకుంటూ పోయాడు. పైన పాడే దమ్ము ఎవరికుంది? అతనికే కొట్టేశారు.

"తిరిగి కానుకగా ఇస్తావా అప్పా?" అయ్యన్న అలవాటుగా అడిగాడు.

"గుమ్మడికాయైతే ఇచ్చేవాణ్ణే. ఇది శానా బాగుండాది. నా బిల్లులకు పనికొస్తాది," అంటూ వసంతకుమార్ దాన్ని చంకలో పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు. పాత డిస్కే ఉండుంటే వాడు ముట్టుకునేవాడా? మేకపోతును అమ్మి మరీ వాడి కోసమే బాగుచేయించినట్టయింది. దేవునికిచ్చింది వెనక్కి అడిగితే ఏసేపు సంఘంలో తలెత్తుకోగలడా? అయ్యగారు ఆయన పేరెత్తి ఆశీర్వదిస్తుంటే తలొంచుకుని ఆమేన్ అన్నాడు.

మరునాడు పొద్దున ఏసేపు అరుగు మీద కూర్చునుండగా హనుమేష్ వచ్చాడు. తమ్ముడి పెళ్ళి పత్రికకు వివరాలు పోయిన వారమే ఇచ్చిపోయిన మనిషి.

"అక్కా, అయిపోయిందా? నీ మిషను ఇప్పుడు శానా స్పీడంట గదా!"

మహిమ గడపలోకి వచ్చి నిలబడింది. తండ్రి వైపు చూడకుండా, ఆయనకు వినపడేలాగే చెప్పింది.

"అది ఈడ లేదప్పా. మా నాయన దేవునికిచ్చినాడు. నీ పత్రిక పోయి ఆ దేవునితోనే కొట్టించుకో పో."

హనుమేష్‌కు ఏమీ అర్థం కాక ఏసేపు మొహం చూశాడు. ఏసేపు లేచి, గింజ లేని చేనికే బయలుదేరాడు.