బట్టతల నాన్న కటింగ్‌కి వెళ్లిన ఆదివారాలు

ఆ అమ్మాయిని అందరూ ఆరా అనేవారు. అసలు పేరు వేరే ఉన్నా అది వాడుకలోంచి ఎప్పుడో జారిపోయింది. ఎక్కడికి వెళ్తున్నారు, ఎందుకు వెళ్తున్నారు, ఆ సంచిలో ఏముంది అని మాటలొచ్చిన దగ్గర్నుంచీ కనబడినవాళ్లందరినీ ఆరా తీయడం వల్ల ఆ పేరు స్థిరపడింది. పంతొమ్మిదో ఏట ఒక లాండ్రీలో చేరింది. వచ్చిన బట్టలు దీపం కింద పరిచి, జేబులు తడిమి, మరక దేనిదో పోల్చి, చీటీ గుచ్చడం ఆమె పని. ఇది సిరా, ఇది తుప్పు, ఇది టీ అని చెప్పారు గానీ టీ కాదు, అని క్షణంలో తేల్చేసేది. ఓనరమ్మకు ఆ పిల్లంటే గౌరవం, కొంచెం భయం కూడా. తన చీరలు మాత్రం వేరే లాండ్రీకి పంపేది.

ఇంట్లో ఆరా తీయకూడని విషయం ఒక్కటే ఉండేది. అది అన్నయ్య.

ఏడేళ్ల కిందట, ఆమెకు పన్నెండు, అన్నయ్యకు పంతొమ్మిది. నాన్న సోఫాలు, కుర్చీలు బాగుచేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో కొబ్బరిపీచు, స్పాంజి, గుడ్డ తానులు పేర్చి ఉండేవి. ఒక మధ్యాహ్నం షెడ్డు అంటుకుంది. వీధి వీధంతా బకెట్లు మోసి మంటలు ఆర్పారు. పొగ ఇంకా తగ్గలేదు. ఎలా అంటుకుందని ఎవరో అన్నారు. ఆరాను ఎవరూ అడగలేదు. అయినా ఆమే చెప్పింది.

"అన్నయ్య అక్కడ సిగరెట్లు కాలుస్తాడు."

నాన్న అందరి ముందూ అన్నయ్య చెంప పగలగొట్టాడు. అన్నయ్య ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలోని బకెట్ కింద పెట్టి, తడి చొక్కాతోనే వీధి మలుపు తిరిగాడు. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో అతని ఊసెత్తినవాళ్లు లేరు. అతని మంచం ఉతికిన బట్టలు మడతపెట్టుకునే చోటైంది. ఆరా ఎప్పుడైనా "అన్నయ్య..." అని మొదలుపెడితే నాన్న సుత్తి తీసుకుని అప్పటికే బిగించిన మేకును మళ్లీ బిగించేవాడు. అమ్మకు పన్ను నొప్పి వచ్చేది.

ఆరా వెతకడం మానలేదు. పద్నాలుగో ఏట ఒక నోటుపుస్తకంలో అనుమానితుల జాబితా రాసింది. మొదటి పేరు పోస్ట్‌మ్యాన్‌ది. కారణం: ఊరికే నవ్వుతాడు. అన్నయ్య స్నేహితులందరినీ ఒకటికి పదిసార్లు అడిగింది. వాళ్లు ఆమెను చూడగానే సందులు మారేవారు. ఇంత వెతికినా, ఆ రోజు తను అన్న మాట గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. వీధిలో అందరూ మరిచిపోయినా ఆమె మరవలేదు. తన నోటి దురుసువల్లే అన్న వెళ్లిపోయాడని లోలోపల కుమిలిపోయేది.

ఒక సోమవారం నాన్న ఆదివారం చొక్కాను లాండ్రీకి తెచ్చి దీపం కింద పరిచింది. కాలర్ మడతలో సన్నటి వెంట్రుక ముక్కలు. నాన్న తలమీద లెక్కపెట్టినా పాతిక వెంట్రుకలుండవు, అవీ చెవుల వెనకే. ఇక్కడ నల్లవి, తెల్లవి, గోరింటాకు పెట్టిన ఎర్రవి, అన్నీ ఉన్నాయి.

పక్కన ఇస్త్రీ చేసే అక్కను పిలిచి చూపించింది.

అక్క పెట్టె పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఏమనుకోకే. మగాళ్ల కాలర్ మీద వెంట్రుకలు కనబడ్డాయంటే..."

"పొట్టిగా ఉన్నాయక్కా. మూడు రంగులు."

"అయితే ముగ్గురు. అందులో ఒకావిడ ముసలావిడ."

ఆరా ఇంకాస్త వంగి చూసింది. ముక్కలన్నీ రెండు కొసలా కత్తిరించినట్టున్నాయి. ప్రతి రెండో ఆదివారం నాన్న కటింగ్‌కని వెళ్లడం గుర్తొచ్చింది. మిగతావాళ్ల సంచులు వెతికేదే గానీ, బట్టతల మనిషికి నెలకు రెండుసార్లు కటింగ్ ఎందుకని ఆమెకు ఏనాడూ తట్టలేదు. సిగ్గేసింది.

ఆ తర్వాతి రెండో ఆదివారం ఉదయం నాన్న ఎక్కిన బస్సే వెనక తలుపులోంచి ఎక్కింది. ముఖం కనబడకుండా పేపర్ అడ్డం పెట్టుకుంది. పక్క సీటాయన తన వైపు పేజీ శ్రద్ధగా చదువుతూ, పేజీ తిప్పమని రెండుసార్లు అడిగాడు. ఎనిమిదో స్టాపులో నాన్న దిగాడు. పళ్ల కొట్టు దాటి, సైకిల్ షాపు దాటి, మూడు కుర్చీల సెలూన్‌లోకి వెళ్లాడు. వేరే గిరాకీలెవరూ లేరు. మంగలి నాన్న మెడకు తెల్లగుడ్డ చుట్టి కత్తెర తీశాడు. సన్నగా, పొడుగ్గా, మీసాలతో ఉన్నాడు. ఆరా అతన్ని పోల్చుకోలేదు. కత్తెర ఎడమచేతిలో ఉంది, అన్నయ్యదీ ఎడమచేతి వాటమే. అది చూశాక పోల్చుకుంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"కూర్చోండి, తర్వాత మీరే," అన్నాడు అన్నయ్య, తలెత్తకుండా.

ఆమె బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా నిలువుటద్దం. కత్తెర నాన్న తల చుట్టూ గాలిలో కిచకిచమని తిరుగుతోంది, దేన్నీ తాకకుండా. అద్దంలో నాన్న కళ్లు ఆమె మీద పడ్డాయి. ఆయన కదిలాడు. ఎందుకు కదిలాడో చూద్దామని అన్నయ్య అద్దంలోకి చూశాడు. ముగ్గురూ ఒకరినొకరు అద్దంలోనే చూసుకున్నారు. తిరిగి చూసే ధైర్యం ఎవరికీ లేదు.

మొదట ఆరాయే నోరు విప్పింది. "సిగరెట్ల సంగతి నేనే చెప్పాను. చిన్నదాన్ని. తెలీక చెప్పాను."

"నువ్వు చెప్పింది నిజమే," అన్నాడు అన్నయ్య మెల్లగా. "ఆ రోజు కూడా కాల్చాను. అందుకే మాట్లాడలేదు. షెడ్డు నావల్లే కాలిపోయింది."

తెల్లగుడ్డ కింద నాన్న గొంతు సవరించుకున్నాడు. "వైరు," అన్నాడు.

"ఏంటి?"

"నీ సిగరెట్ కాదు. వైరు. కరెంటు పనివాణ్ణి పిలవకుండా నేనే టేపు చుట్టి అతికించాను. నువ్వెళ్లిన నెలకి కాలిన గోడ తీస్తే, అంటుకుంది ఆ అతుకు దగ్గరేనని బయటపడింది."

కత్తెర ఆగింది.

"రెండేళ్ల నుంచి వస్తున్నారు," అన్నాడు అన్నయ్య.

"చెబుదామనే వస్తున్నాను. కూర్చోగానే నీళ్లు చల్లమంటారా అంటావు. సరే అంటాను. తర్వాత అయిపోయింది అంటావు. లేచిపోతాను."

ఆ రెండేళ్ల కథ ఇది. సెలూన్ ఓనరు కుర్చీల రెగ్జిన్ చిరిగిందని నాన్నను పిలిపించాడు. వచ్చి చూస్తే కుర్చీ వెనక కొడుకు నిలబడి ఉన్నాడు. ఏమనాలో తెలియక ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియక కొడుకు గుడ్డ చుట్టాడు. అలా మొదలైంది.

అన్నయ్య కత్తెర బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. సైకిల్ షాపు ముందు, వీపు ఇటు పెట్టి, చాలాసేపు నిలబడ్డాడు. నాన్న మెడకు గుడ్డతో అలాగే కూర్చున్నాడు. ఒక గిరాకీ వచ్చి, ఎంతసేపు పడుతుందని ఆయన్ను అడిగాడు. "నాది పెద్ద పని," అన్నాడు నాన్న. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వచ్చినాయన ఆ తలను, ఆ కళ్లను చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

అన్నయ్య తిరిగొచ్చాడు. ముఖం కడుక్కున్నట్టుంది. "తల వంచండి," అన్నాడు. "కుడిపక్క మిగిలింది."

పని ముగిశాక నాన్న లేచి గుడ్డ దులుపుకున్నాడు. "మీ అమ్మకి అప్పుడే చెప్పకండి. తట్టుకోలేదు."

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. "అమ్మ గురువారాలు వస్తుంది."

"గురువారం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తుంది."

"నేనే ఆ డాక్టర్ని. నాలుగేళ్ల నుంచి."

ఆరా లెక్క వేసుకుంది. నాలుగేళ్లుగా అమ్మ పంటికి వైద్యం చేయించుకుంటోంది, ముప్పైరెండు పళ్లూ చెక్కుచెదరలేదు. డాక్టరంటే తనకు భయం కాబట్టి తోడు వెళ్లలేదు. వెళ్లి ఉంటే నాలుగేళ్ల కిందటే తేలిపోయేది.

ఇంటికి వెళ్లగానే నాన్న గుమ్మంలో నిలబడి, "ఈ గురువారం నీ పంటికి నేనూ తోడొస్తాను," అన్నాడు. వంటింట్లో గరిటె కింద పడింది. తర్వాత అమ్మ చాలా మాటలన్నది. రెండేళ్లు వాణ్ణి చూస్తూ తనకు చెప్పలేదని ఆయన్ను దులిపేసింది. నువ్వు నాలుగేళ్లు దాచావు కదా అని ఆయన అంటే, "దాచింది మీకు భయపడి," అని ఇంకోసారి దులిపింది. వైరు సంగతి విన్నాక మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

"అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. నేను కాదా ఇంట్లో మనిషిని?" అంది ఆరా.

"నీకు చెబితే మీ నాన్నకి చెప్పినట్టే కదే," అంది అమ్మ.

నాన్న కూడా, "నీకు చెబితే మీ అమ్మకి..." అని మొదలుపెట్టి అమ్మ ముఖం చూసి ఆగిపోయాడు.

అప్పుడు ఆరా, ఏడేళ్లుగా తనవల్లే అన్న వెళ్లిపోయాడనుకున్న సంగతి చెప్పింది. అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది. "అంత మాట ఏడేళ్లు కడుపులో పెట్టుకున్నావా? నువ్వా?" అని దగ్గరికి తీసుకుంది. నాన్న సుత్తి కోసం చూశాడు గానీ తీసుకోలేదు. ఆయనా వచ్చి కూర్చున్నాడు.

అన్నయ్య ఇంటికి తిరిగొచ్చేయలేదు. సెలూన్ మీద తన గది తనకుంది, తన జీవితం తనకుంది. నాన్న మీద కోపమూ పూర్తిగా పోలేదు, పోయిందని అతను నటించనూ లేదు. కానీ సెలవు రోజు భోజనానికి వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు చుట్టంలా కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడ్డాడు. అమ్మ నలుగురి కోసం ఎనిమిది మందికి సరిపడా వంట చేసింది. నాలుగోసారికి మొహమాటం పోయింది. కిటికీ తెరవాలని అతను, దుమ్ము వస్తుందని నాన్న, ఇద్దరూ గొంతులు పెంచి తగువు పడ్డారు. కిటికీ ఐదుసార్లు తెరుచుకుని ఐదుసార్లు మూసుకుంది. ఆరోసారి పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, ఎవరమ్మా ఆ అరుపులు అని అడిగింది.

ఆరా పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మా అన్నయ్యండీ," అంది, వీధి చివరిదాకా వినబడేలా.