తడి రాయి మోత

ఐటీ కంపెనీల భవనాలు లేచే కాలంలో నన్ను చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్య ఉన్న ఒక కంకర క్వారీకి ఫోర్‌మన్‌గా వేశారు. నగరానికి ఎంత రాయి పోసినా చాలేది కాదు. క్రషర్ ముందు లారీల వరుస తెగేదే కాదు.

ఫోర్‌మన్ కింద మేటు ఉంటాడు. రాయి పేల్చాక నిలిచిన రాతిగోడను సబ్బలితో, అంటే ఇనుప గడ్డపారతో, తట్టి, కూలీలు దిగవచ్చో లేదో చెప్పేది అతనే. గట్టి రాయి ఖంగుమంటుంది. వెనక పగులుంటే మోత స్థాయి దిగుతుంది. అట్లాంటి రాయిని మేం లూజు అంటాం. ముందు దాన్ని పొడిచి కిందికి దింపాలి.

మా మేటు యాదయ్యది సురంగల్. డ్రిల్లు పట్టే పని నుంచి పైకి వచ్చినవాడు. మొదట్లో అతనికి రెండు మోతలూ ఒకటే. "నాకు చెవులున్నయా లేవా సార్?" అని నవ్వేవాడు. రోజూ పొద్దున, క్రషర్ మొదలు కాకముందే, అతన్ని అటు తిప్పి నిలబెట్టి రెండు రాళ్లను సుత్తితో కొట్టేవాణ్ని. ఏది దిగిందో చెప్పాలి. కుదురుకున్నకొద్దీ దగ్గరి మోతలున్న రాళ్లను ఎంచేవాణ్ని. చెవి పుట్టుకతోనే రావాలంటారు, నేను నమ్మను. పాడగా పాడగా రాగం. వానాకాలం వచ్చేసరికి నాకు ఒక్కటిగా వినిపించే రాళ్లను కూడా అతను వేరు చేసేవాడు. నాకు కొంచెం ఈర్ష్య కూడా కలిగింది.

మా క్వారీలో ఒక కట్టుబాటు ఉండేది. బాగుందని చెప్పిన మేటే ముందు ఆ గోడ కింద నిలబడాలి. ఆ తర్వాతే కూలీలు.

ముసురు పట్టి విడిచిన ఒక ఉదయం యాదయ్య తట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. మళ్లీ తట్టాడు. ఏమిటని అడిగాను.

"జర దిగింది సార్. వానకు నానింది గద, తడి రాయి గిట్లనే మోగుతది" అన్నాడు.

అబద్ధం కాదు. ఆ ముసురు తడికి గోడంతా మందంగానే మోగింది. పైగా అక్కడ రాయి దింపాలంటే సగం పూట పని ఆగేది, లారీలవాళ్లు అప్పటికే అరుస్తున్నారు. యాదయ్య కట్టుబాటు ప్రకారం గోడ కింద నిలబడి కూలీలకు చెయ్యి ఊపాడు. వాళ్లింకా బాటలోనే ఉన్నారు. అంతలో పగులు ముందున్న రాతిపొరంతా జారి అతని మీద పడింది. రాళ్లు తొలగించేసరికి ప్రాణం లేదు.

దవాఖాన దగ్గర అతని భార్య అనసూయ నన్ను అడిగింది. "మస్తు చెవి అంటిరి గద సార్. మరి గా రాయి సప్పుడు ఇనబడలేదా?"

"వినబడిందమ్మా" అన్నాను. ఆమె నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నా కింద పనిచేసిన ప్రతి మేటుకూ ఒకే మాట చెప్పాను. మోతలో తేడా వినిపిస్తే ఎందుకని అడగొద్దు, రాయి దింపు. సాధన చేస్తే చెవి తేడాను పట్టుకుంటుంది, అంతే. యాదయ్య చెవి ఆ ఉదయం కూడా పట్టుకుంది. దాన్ని వాన మీదికి నెట్టింది మనిషి.