చలికాలానికి వాయిదా

మొన్న ఏప్రిల్ చివర్లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పై అంతస్తు పెద్దమనిషి కలిశారు. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చెయ్యి కుడికన్ను మీద. ఏమైందండీ అని మాటవరసకు అడిగాను. "ఏం లేదమ్మా, జర మసక మసకగ కనిపిస్తున్నది. తలకాయ నొస్తున్నది. మోతిబిందే అయుంటది. ఈ ఎండలల్ల కన్ను ఎవరు కోపిచ్చుకుంటరు? చలికాలంల చూద్దాం" అన్నారు తాపీగా. మోతిబిందంటే కంటి శుక్లం, కోపిచ్చుకోవడమంటే ఆపరేషన్ చేయించుకోవడం. మా అంతస్తు వచ్చినా నేను దిగలేదు. ఆయనతో పాటే పైకి వెళ్లి, వాళ్ల గుమ్మంలోనే నిలబెట్టి, పెద్దవారని కూడా చూడకుండా చెడామడా అనేశాను. లోపల్నుంచి వాళ్లావిడ గరిటె పట్టుకొని బయటికొచ్చింది, ఎవరో సేల్స్ అమ్మాయి పోట్లాటకు దిగిందనుకొని. సేల్స్ అమ్మాయి వయసు నాకెప్పుడో దాటిపోయింది గానీ, ఆ నోరు మాత్రం ఇంకా ఉన్నట్టుంది. సాయంత్రం మళ్లీ వెళ్లి, క్షమించమని అడిగి, అదే మాట ఈసారి మెల్లగా చెప్పాను: రేపే వెళ్లండి, ఏసీ ఉన్న క్యాబ్ దొరక్కపోతే మా కారులో నేనే తీసుకెళ్తాను అని. ఎందుకమ్మా నీకింత పట్టింపు అని ఆవిడ అడిగితే మా మేనత్త సంగతి చెప్పబోయాను. చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల్లో మేము అశోక్‌నగర్‌లో మేడమీద కిరాయికి ఉండేవాళ్లం. నేను నారాయణగూడలో డిగ్రీ చదువుతున్నాను. నాకు పుట్టుకతోనే ఎండాకాలం పడదు. పగలంతా కాగిన స్లాబు ఆ కోపాన్ని మా మీద తీర్చుకునేది. కూలర్ ఉంది గానీ అందులో పోయడానికి నీళ్లుండాలి కదా, నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. చలికాలమంటే మాత్రం నాకు ప్రాణం. పొద్దున్నే నోట్లోంచి పొగ వదులుతూ కాలేజీకి నడవడం, ఇరానీ హోటల్ ముందు నుంచి పోతుంటే వచ్చే చాయ్ వాసన, నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కాళ్లు పీకేదాకా తిరిగి, ఏమీ కొనకుండా మిర్చిబజ్జీ తిని ఇంటికి రావడం. దేవుడు కనిపించి ఏం కావాలని అడిగితే, ఏడాదికి పది నెలలు చలికాలం పెట్టమని అడిగేదాన్ని.

మా అత్తమ్మ సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఆమె మా నాన్నకు అక్క. చిన్నప్పుడే భర్త పోతే మా ఇంటికొచ్చి, చిక్కడపల్లి బట్టల దుకాణాల వాళ్ల చీరలకు ఫాల్ కుడుతూ, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికింది. ఏడాదంతా మిషను ముందు వంగి కూర్చునే మనిషికి ఎండాకాలం వస్తే రెక్కలొచ్చేవి. "చలికాలంల మనుషులు పిల్లుల లెక్క మూలకు ముడుసుకుంటరు. ఎండాకాలమే కదనే ఇండ్లల్లకెళ్లి బయటికొచ్చేది" అనేది. నాలుగు కాగానే మొహం కడుక్కొని, ఇస్త్రీ చీర కట్టుకొని, "లే బిడ్డా, పోదాం పా" అని నా మీద పడేది. ఒకరోజు ఇందిరాపార్కు, ఒకరోజు చెరుకురసం, ఒకరోజు చిక్కడపల్లిలోని సభాహాలు. ఆ హాల్లో టికెట్టు లేకుండా రోజుకో కార్యక్రమం జరిగేది. పాటకచేరీనా, హరికథనా, ఎవరికో సన్మానమా అన్నది ఆమెకు అనవసరం. ఓసారి ముక్కూమొహం తెలియని రిటైర్డ్ ఆఫీసరుకు శాలువా కప్పుతుంటే అందరికంటే ఎక్కువ చప్పట్లు ఈమే కొట్టింది. ఆయన కిందికి దిగి వచ్చి, మీరు మాకేమవుతారమ్మా అని అడిగాడు. "ఏం కాను అన్నా, మంచిగ కప్పిండ్రు శాలువ" అంది.

అన్నిటికంటే పెద్ద పండుగ క్రాస్‌రోడ్స్ టాకీసుల్లో మ్యాట్నీ. ఎండాకాలం మా వీధి ఆడవాళ్లు సినిమా కోసం పోయేవాళ్లు కాదు, చల్లదనం కోసం పోయేవాళ్లు. ఏ బొమ్మ ఆడుతోందని ఎవరూ అడగరు, ఏసీ మంచిగ ఏస్తుండ్రా అనే అడుగుతారు. లేడీస్ క్యూలో అత్తమ్మను మించినవాళ్లు లేరు. మోచేతులు కొంచెం బయటికి పెట్టి, మొహం నిండా నవ్వు పెట్టుకొని, కిటికీ దాకా చేరిపోయేది. లోపల ఆ చీకట్లో, ఆ చల్లటి గాలిలో కూర్చున్నాక నేను కూడా ఎండాకాలాన్ని కాస్త క్షమించేదాన్ని.

ఆ ఏడు ఎండలు మరీ మండిపోయాయి. సినిమాకు పోయి వచ్చిన ప్రతిసారీ అత్తమ్మకు తలనొప్పి మొదలైంది. ఒక కన్ను ఎర్రబడేది, ఒకోసారి వాంతయ్యేది. ఇంటిల్లిపాదీ ఒకటే మాట: వడదెబ్బ. చల్లటి హాల్లోంచి ఒక్కసారిగా ఎండలోకి వస్తే కాక ఏమవుతుంది? అమ్మ ఉల్లిగడ్డ కోసి అరికాళ్లకు రుద్దేది, మజ్జిగ తాగించేది, నానబెట్టిన సబ్జా గింజలు ఇచ్చేది. తెల్లారేసరికి నొప్పి తగ్గేది. తగ్గింది కాబట్టి అది వడదెబ్బే అని మాకు రుజువైపోయేది. నా మటుకు నేను ఎండాకాలాన్ని తిట్టుకోవడానికి ఇంకో కారణం దొరికిందని తిట్టుకున్నాను.

ఇందిరాపార్కులో ఓ సాయంత్రం దీపాలు వెలిగాక నన్ను మోచేత్తో పొడిచింది. "అగో, చూడు బిడ్డా, లైట్ల సుట్టు సింగిడి కట్టింది. ఎంత మంచిగున్నదో!" సింగిడి అంటే ఇంద్రధనుస్సు. నేను చూశాను. మామూలు దీపాలు, వాటి చుట్టూ పురుగులు. నాకేం కనిపించడం లేదంటే, "నీకు సదువు ఎక్కువై కండ్లు మందగించినయి" అని నవ్వింది. ఆ రంగుల వలయాలు చూడ్డం కోసమే చీకటి పడేదాకా పార్కులో కూర్చుందామనేది. పక్క నుంచి వచ్చే సైకిళ్లు చూసుకోక రెండు మూడుసార్లు తగిలించుకుంది. కానీ ఇంటికొచ్చి సూదిలో దారం ఒక్క గురికే ఎక్కించేది. సూదిలో దారం ఎక్కించే మనిషికి కళ్లు కనిపించడం లేదని ఎవరనుకుంటారు?

మే నెలలో ఒక మ్యాట్నీలో, ఇంటర్వెల్ ఇచ్చి లైట్లు వేశారు. సమోసాల వాళ్లు అరుస్తున్నారు, జనం లేచి తిరుగుతున్నారు. అత్తమ్మ తెర వైపే చూస్తూ కూర్చుంది. చేత్తో ఎడమకన్ను గట్టిగా నొక్కుకుంటోంది. మెల్లగా నా చెవిలో, "లైట్లు ఇంక ఎయ్యలేదా బిడ్డా?" అని అడిగింది. సినిమా సగంలోనే వదిలేసి లేచాం. ఆటోలో ఇంటికి తెచ్చేలోపు రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆ రాత్రంతా తల పట్టుకొని మూలిగింది. పొద్దునకు నొప్పి తగ్గింది, కుడికన్ను తేరుకుంది గానీ, ఎడమకంటికి పొగమంచు పట్టినట్టు ఉందని చెప్పింది.

ఇంట్లో పంచాయితీ పెట్టారు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించుకున్న అనుభవజ్ఞురాలు, ఆమె మాటకు ఎదురులేదు. "మోతిబిందే. పచ్చిగున్నప్పుడు ముట్టుకోవద్దు, పండనియ్యాలె. ఎండాకాలంల కోస్తె చీము పడ్తది. నాకు పుష్యమాసంల కోసిండ్రు, ఎట్లున్నయో చూడు" అంది కళ్లు పెద్దవి చేసి. నాన్న ఒక్కసారి నసిగాడు, "అక్కా, డాక్టరుకు ఊకె చూపిచ్చుకొని రారాదు?" అని. అత్తమ్మ ఒప్పుకోలేదు. చూపిస్తే కోస్తారు, కోస్తే పచ్చగుడ్డ కట్టి మూల కూర్చోబెడతారు, తలస్నానం వద్దంటారు, వంగొద్దంటారు. మామిడికాయ తొక్కు ఎవరు పెట్టాలి? పెళ్లిళ్ల చీరలు ఎవరు కుట్టాలి? "ఎండాకాలం పాడు చేసుకుంటనా? చలికాలంల ఎట్లయిన పనుండది. గప్పుడు కోపిచ్చుకుంట" అంది. మా అందరికీ అది న్యాయంగానే తోచింది. మా బంధువుల్లో ఎవరికి కంటి ఆపరేషన్ జరిగినా చలికాలంలోనే జరిగింది. పెళ్లికి మాఘం ఎట్లాగో కంటికి పుష్యం అట్లా. వానలొచ్చాయి, బతుకమ్మ వెళ్లింది, దీపావళి వెళ్లింది. మధ్యలో ఆ నొప్పి వచ్చినప్పుడల్లా, ఇంకెంత, చలికాలం వస్తోందిగా అనుకున్నాం. అత్తమ్మ కుట్టే ఫాల్ కుట్లు వంకరపోతున్నాయని దుకాణం వాళ్లు చీరలు పంపడం తగ్గించారు. అదీ పండుతున్న లక్షణమే అనుకున్నాం.

పుష్యమాసంలో నారాయణగూడలోని ఒక కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆపరేషన్‌కని అమ్మ రెండు పాత చీరలు, ఫ్లాస్కు, చెంబు కూడా సర్దింది. డాక్టరు చాలాసేపు చూశాడు. తలనొప్పి వచ్చేదా? వచ్చేది. దీపాల చుట్టూ రంగులు కనిపించేవా? అత్తమ్మ మొహం వెలిగింది, ఇన్నాళ్లకు తన సింగిడి గురించి ఒకరు అడిగారని. "మస్తు కనిపించేటియి సారూ! ఈ పొల్ల నమ్మకపాయె" అంది. చీకట్లో కూర్చున్నప్పుడు ఎక్కువయ్యేదా? నేను, సినిమాకు పోయినప్పుడల్లా అన్నాను. ఎప్పటి నుంచి అని అడిగాడు. నాన్న, ఎండాకాలం నుంచి అన్నాడు. డాక్టరు చేతిలోని టార్చి బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఇది మోతిబిందు కాదట, నీటికాసులట. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుందట. చీకట్లో ఒత్తిడి ఇంకా పెరుగుతుందట. దీనికి పచ్చీ పండూ లేవు, ఎండా చలీ లేవు. మొదటి నొప్పికే వచ్చి ఉంటే రెండు కళ్లూ దక్కేవి. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంట్లో మిగిలిన కొంచెం నిలబెట్టడానికి చూస్తానన్నాడు. పోయింది మాత్రం రాదన్నాడు.

అత్తమ్మకు ఆ చివరి మాట ఎక్కలేదో, ఎక్కించుకోలేదో. చేతులు ఒళ్లో పెట్టుకొని, చాలా మర్యాదగా అడిగింది: "వచ్చే ఎండాకాలానికన్న కనిపిస్తదా సారూ?"

డాక్టరు మందుచీటీ రాయడానికి తల వంచుకున్నాడు. నాన్న బయటికి వెళ్లిపోయాడు. మేం వెనక వెళ్లేసరికి మెట్ల మీద కూర్చొని, చిన్నపిల్లాడిలా భుజాలు ఎగిసిపడేలా ఏడుస్తున్నాడు. నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అత్తమ్మ ఆ ఏడుపు వినిపించిన వైపుకు చెయ్యి చాచి, తడుముకొని, ఆయన తల మీద పెట్టింది. "తమ్మీ, నువ్వేం మనసుల పెట్టుకోకు. చలికాలమని నేనే అన్న గద" అంది. అమ్మ ఫ్లాస్కు పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

బయట చలి బాగా ఉంది. ఏడాదంతా నేను ఎదురుచూసే చలే, కానీ ఆ రోజు దాని మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. రోజులు మంచివి కావాలని మేం కాలం కోసం ఎదురుచూస్తున్నామనుకున్నాం, ఆ ఎనిమిది నెలలూ కాలం ఆమె కళ్లలోంచే వెళ్లిపోతూ ఉంది.