నాగదుర్గ వెలిగించిన బీడీ

ముందు దగ్గు వినిపించింది. తడిసిన తెరచాప గాలికి చిరుగుతున్నట్టున్న ఆ దగ్గు, వ్యసన విముక్తి కేంద్రంలో నర్సులకు జరుగుతున్న పాఠాన్ని ఆపేసింది. తర్వాత గుమ్మంలో మొగల్తూరు భీమరాజు కనిపించాడు. ఇక్కడే తాగుడు మానేసి బాగుపడ్డ మనిషి అని, శిక్షణలో నర్సులకు చూపించడానికి పిలిపించారు. ఆ శిక్షణ గురించి పత్రికకు రాయడానికి నేనూ వెళ్లాను.

సముద్రం మీద పెరిగినవాడు. వేటకెళ్లి మందు నేర్చాడు గానీ బీడీ ఎరగడు. అది ఈ వార్డులోనే అలవాటైంది. మారాం చేయకుండా మాత్ర మింగినవాళ్లకు సాయంత్రం ఒక బీడీ ఇచ్చేవారు. రోగుల దగ్గర అగ్గిపెట్టె ఉండకూడదు కనుక నర్సు నాగదుర్గే పుల్ల గీసి వెలిగించేది. ఆమె దోసిట్లోని చిన్న వెలుగు మీదికి ఒక్కొక్క ముఖమే వంగేది.

"పొగాకూ వ్యసనమే. మందుతోపాటే మాన్పించాలి," అన్నారు పాఠం చెబుతున్న డాక్టరు.

నాగదుర్గ లేచి భీమరాజు దగ్గరికొచ్చింది. "బాబాయ్, ఇక బీడీ మానేయండి."

"ఏంటమ్మా, అగ్గిపెట్టె అయిపోయిందా?" అని నవ్వాడు. ఆమె తల దించుకుంది. నవ్వు మళ్లీ దగ్గయింది.

ఊపిరి చాలక అతను వేట మానుకున్నాడు. వల ఇప్పుడు అల్లుడి చేతుల్లో ఉంది. వరండాలో కూర్చున్నాక, మందు మానేసిన బతుకు ఎలా ఉందని అడిగాను.

"బాగుపడ్డానని రాసుకోండి బాబూ. మందు మానేశాను కదండి. ఒడ్డున కూర్చుని అందరి పడవలూ చూస్తన్నాను."